సవర పాటల పంతులుగారు

ఉగాది సంచికకు ఎవరైనా ఒక మహనీయుని జీవితం వ్రాసి ఇవ్వవలసిందని సంఘంవారు మమ్మల్ని అడిగినారు. ఆ సాయంకాలం బడా బజారులో మా దుకాణం అరుగుమీద కూర్చున్న నలుగురి నోట నాలుగు పేర్లు వచ్చాయి. ఒకరు త్యాగరాజస్వామి అన్నారు. ఒకరు వీరేశలింగంగారు అన్నారు. పక్కనున్న పట్టుచీరల కొట్టు పెద్దాయన మాత్రం, మన జిల్లా మనిషి గిడుగువారు ఉండగా కావేరి దాకా, గోదావరి దాకా పోవడం దేనికని అడిగినారు. ఆయన మాటే నెగ్గింది.

మన జిల్లా అంటే పాత గంజాం జిల్లా అని చిన్నవాళ్ళకు చెప్పాలి. ఈనాడు పటం తీసి చూస్తే రామమూర్తి పంతులుగారు పుట్టిన ఊరు ఆంధ్రప్రదేశ్‌లో కనబడుతుంది, ముప్పై ఏళ్ళు ఉద్యోగం చేసిన ఊరు ఒడిశాలో కనబడుతుంది. ఆయన కాలంలో రెండూ ఒకే జిల్లాలోవి. బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి, టెక్కలి, శ్రీకాకుళం అన్నీ ఒకే కలెక్టరు చేతికింద, చెన్నపట్నం ప్రభుత్వానికి లోబడి ఉండేవి. ప్రవాసాంధ్రులమని మనకు మనం పేరు పెట్టుకున్నాం గాని, మనలో చాలామంది తాతలు ఎక్కడికీ ప్రవాసం పోలేదు. సరిహద్దే నడిచి వచ్చి ఇంటిముందు కూర్చున్నది. ఆ సరిహద్దు పంతులుగారిని ఏమి చేసినదో ముందుముందు చెబుతాము.

పంతులుగారి పేరు చెప్పగానే అందరికీ వ్యావహారిక భాషోద్యమం గుర్తుకు వస్తుంది. ఆయన పుట్టిన ఆగస్టు 29 వ తేదీని తెలుగు భాషాదినంగా జరుపుకుంటున్నాము. సభలలో పిల్లలు ఆయన బొమ్మకు దండ వేస్తారు. ఆ సంగతి ఎందరో వ్రాసినారు, ఇంకా వ్రాస్తారు. మేము చెప్పదలచుకున్నది ఆయన చెవిని గురించి. మహనీయుని చెవి గురించి వ్యాసమేమిటని నవ్వకండి. కొండమీది మనుషుల పాటలు వినడానికి ఆయన పెట్టిన చెవి అది. ఆ పాటలకోసమే ఆయన దానిని పోగొట్టుకున్నారు.

పంతులుగారు 1863 ఆగస్టు 29 న శ్రీముఖలింగ క్షేత్రానికి దగ్గరగా ఉన్న పర్వతాలపేట అనే పల్లెలో జన్మించారు. తండ్రి వీర్రాజుగారు రెవెన్యూశాఖలో ఉద్యోగి. తల్లి వెంకమ్మగారు. తండ్రికి చోడవరం బదిలీ అయింది. అక్కడ 1875 లో ఆయన విషజ్వరంతో పోయినారు. అప్పటికి పిల్లవాడికి పన్నెండేళ్ళు. జ్వరం ఆ ఇంటికి అప్పటినుంచే శత్రువు. తరువాత విజయనగరంలో బంధువుల ఇంట ఉండి మహారాజావారి ఇంగ్లీషు పాఠశాలలో చదువుకున్నారు. గురజాడ అప్పారావుగారు అక్కడ ఆయనకు సహాధ్యాయి. ఇద్దరు కుర్రవాళ్ళు ఒకే బడిలో కూర్చుని, పెద్దవాళ్ళై తెలుగు వాక్యాన్నే తిప్పివేస్తారని ఆనాటి ఉపాధ్యాయులకు తోచి ఉండదు. 1879 లో మెట్రిక్యులేషను ప్యాసైనారు. ఆ యేడే వివాహమైంది. 1880 లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో చరిత్ర చెప్పడానికి నెలకు 30 రూపాయల జీతంమీద చేరినారు.

పర్లాకిమిడి అప్పుడు చిన్న సంస్థానపు పట్నం. రైలు లేదు. నౌపడానుంచి చిన్నరైలు వచ్చినది 1900 లో. ఉద్యోగం చేసుకుంటూనే పంతులుగారు ప్రైవేటుగా కూర్చుని పై పరీక్షలు ఇచ్చి పట్టభద్రులైనారు. అంతటితో ఆగే మనిషి కారు. చరిత్ర పాఠం చెప్పేవాడు చరిత్రను తన కంటితో చూడవద్దా అని ముఖలింగం గుడులకు వెళ్ళి రాళ్ళమీది శాసనాలు చదవడం మొదలుపెట్టినారు. పాత లిపులు తనకు తానే నేర్చుకున్నారు. తూర్పు గాంగరాజుల రాజధాని కళింగనగరం ఈ ముఖలింగమేనని వాదించినారు. నడగాం తామ్రశాసనాన్ని పరిష్కరించి ఎపిగ్రాఫియా ఇండికా నాలుగవ సంపుటంలో ప్రకటించినారు. జీతం తెచ్చుకుని చల్లగా ఇంట్లో కూర్చోవలసిన బడిపంతులు ఇదంతా ఎందుకు చేసినాడని అడిగితే మా దగ్గర జవాబు లేదు. కొందరి స్వభావం అంతే. కనబడిన అక్షరం చదవకుండా, వినబడిన మాట పట్టకుండా ఉండలేరు.

పర్లాకిమిడికి ఉత్తరాన, పడమరన కొండలు. ఆ కొండలమీద ఉండేవారు సవరలు. తమను తాము సొర అని చెప్పుకుంటారు. పోడు కొట్టుకుని జొన్న, సామ, కంది పండించుకుంటారు. జీలుగుచెట్టు కల్లు తీసుకుంటారు. సంతరోజున కొండ దిగి వచ్చి అడవి సరుకు అమ్మి ఉప్పు, బట్ట కొనుక్కుని పోతారు. వారికి పల్లపు భాష సరిగా రాదు. పల్లపువారికి వారి భాష బొత్తిగా రాదు. తూకంలోనూ లెక్కలోనూ ఎవరు నష్టపోయేవారో బజారులో బ్రతికే మనకు ఒకరు చెప్పనక్కరలేదు. షావుకారులు వారి అప్పులపత్రాలు ఏ భాషలో వ్రాసేవారో, వ్రేలిముద్ర వేసేవాడికి అందులో ఏమున్నదో తెలిసే దారి ఏమిటో మనమే ఆలోచించుకోవచ్చు.

పంతులుగారికి ఈ మాటలు చెవిని పడ్డాయి. అవి తెలుగు కావు, ఒడియా కావు, ఈ రెండింటిలో దేనికీ చుట్టం కావు. సవర భాష ముండా కుటుంబంలోది. దాని దాయాదులు ఛోటానాగపూరు వైపు సంతాలీ, ముండారీ. ఇంకా దూరపు చుట్టాలు సముద్రం అవతల కాంబోడియా దేశంలో ఉన్నారు. ఈ బంధుత్వాలన్నీ తరువాతి పండితులు తేల్చినవి. పంతులుగారికి మొదట కావలసింది ఆ మనుషులతో మాట్లాడడం. అందుకోసం తెలుగు, సవర రెండూ వచ్చిన ఒక మనిషిని తన ఇంట్లోనే పెట్టుకుని భాష నేర్చుకున్నారు. ఇది 1890 ల నాటి మాట. ఆ కాలంలో ఒక బ్రాహ్మణ గృహస్థు ఇంటిలో కొండమనిషిని ఉంచుకుంటే వీధివారు ఏమని ఉంటారో మనకు తెలియనిది కాదు. పంతులుగారు ఆ మాటలను లెక్కలోకి తీసుకున్నట్టు కనబడదు.

తరువాత కొండ ఎక్కినారు. అక్కడ ఆయనకు దొరికినవి పాటలు.

సవరల పాటలంటే ఏమిటో కొంచెం చెప్పాలి. మన ఇళ్ళలో దంపుడు పాట ఉన్నట్టు, లాలిపాట ఉన్నట్టు వారికి పనికొక పాట ఉన్నది. విత్తేటప్పుడు ఒకటి, కోసేటప్పుడు ఒకటి, పిల్లను అడగడానికి ఒకటి, పెళ్ళికి ఒకటి. అన్నిటికంటె పెద్దవి చనిపోయినవారి పాటలు. పోయినవాడు పోలేదని వారి నమ్మకం. గురువు వంటి ఒక స్త్రీ పూనకంలో కూర్చుంటుంది. చనిపోయినవారు ఒకరి తరువాత ఒకరు ఆమె నోట వచ్చి మాట్లాడుతారు. ఎట్లా పోయినదీ, ఎవరిమీద కోపమున్నదీ, ఏమి కావాలో చెబుతారు. బ్రతికివున్నవారు ఎదురు కూర్చుని జవాబు చెబుతారు, ఏడుస్తారు, తగాదా కూడా పడతారు. ఆ గురువు చచ్చినవారిని పిలిచేది పాటతోనే. పోయినవారి పేర రాయి నిలబెట్టడం ఇంకొక పెద్ద కర్మ.

ఈ పాటలకు ఒక తీరు ఉన్నది. ఒక చరణంలో ఒక మాట చెప్పి, తరువాతి చరణంలో అదే సంగతిని వేరే మాటలతో మళ్ళీ చెబుతారు. జంటలు జంటలుగా నడుస్తుంది పాట. వినేవాడికి అది సొంపు. భాష నేర్చుకునేవాడికి అది గని. ఒక్కొక్క మాటకు పక్కనే దాని తోడుమాట దొరుకుతుంది. సంతలో వినబడని మాటలు, ముసలివాళ్ళు తప్ప ఎవరూ వాడని మాటలు పాటలో పదిలంగా ఉంటాయి. వ్యాకరణం వ్రాయదలచినవాడు పాటలదగ్గర ఎందుకు కూర్చోవాలో దీనినిబట్టి తెలుస్తుంది. కాని పంతులుగారు ఒక్క వ్యాకరణంకోసమే కూర్చున్నారని మేము అనుకోము. పాటలను విడిగా ఒక పుస్తకంగా కూర్చినారంటే, అవి పాటలుగా నిలవదగినవని ఆయన అనుకున్నట్టే గదా. మన పండితులలో చాలామంది ఇంట్లో ఆడవాళ్ళు పాడే తెలుగు పాటనైనా కాగితంమీదికి ఎక్కదగినదని ఒప్పుకోని రోజులు అవి.

ఇక్కడ ఒక్కసారి సీమకు పోయి వస్తాము. పాఠకులు ఓపిక పట్టాలి.

సరిగ్గా ఆ కాలంలోనే ఇంగ్లండులో కూడా కొందరికి ఇదే పిచ్చి పట్టింది. సెసిల్ షార్ప్ అనే సంగీతం మాస్టరు 1903 లో సోమర్‌సెట్ సీమలో ఒక పాదిరీ ఇంటికి వెళ్ళినప్పుడు, తోటమాలి పని చేసుకుంటూ పాడుతున్న పాట విన్నాడు. ఆ తోటమాలి పేరు జాన్ ఇంగ్లండ్. అక్కడినుంచి షార్ప్ పల్లెలవెంట పడి వేలకొద్దీ పాటలు వ్రాసుకున్నాడు. పెర్సీ గ్రెయింజర్ అనే ఆస్ట్రేలియా పియానో విద్వాంసుడు ఇంకొక అడుగు ముందుకు వేసి, 1906 లో మైనపు గొట్టాల ఫోనోగ్రాఫు యంత్రం పట్టుకుని లింకన్‌షైరు పల్లెలకు పోయినాడు. అక్కడ జోసెఫ్ టేలర్ అనే ముసలాయన ఉండేవాడు. ఒక జమీ వ్యవహారాలు చూసే గుమాస్తా. గొంతు మాత్రం పడుచువాడి గొంతు. 1908 లో గ్రామఫోను కంపెనీవారు ఆయనను లండనుకు పిలిపించి పాటలు పాడించి పళ్ళాలు వేసి అమ్మినారు. అప్పటికి ఆయనకు 75 ఏళ్ళు. ఇంగ్లండులో ఒక పల్లెటూరి గాయకుడు తాతల నాటి పాటలను తన గొంతుతోనే పాడగా రికార్డులుగా బజారుకు రావడం అదే మొదలు. రెండేళ్ళకు, 1910 లో, ఆయన కాలం చేసినాడు. ఆ గొంతు మాత్రం నిలిచింది. 1972 లో వాటిని పెద్ద రికార్డుగా మళ్ళీ వేసినారు. ఈనాటికీ వినవచ్చు.

ఇది ఎందుకు చెబుతున్నామంటే, షార్ప్‌కూ గ్రెయింజర్‌కూ లేని కష్టాలు మన పంతులుగారికి ఉన్నాయి. వారు విన్నది తమ భాష పాటలే. తోటమాలి పాడినది పాదిరీకీ అర్థమవుతుంది. పంతులుగారు ముందు భాష నేర్చి, ఆ భాషకు లిపి లేదు గనుక ఏ అక్షరాలతో వ్రాయాలో నిర్ణయించుకుని, అప్పుడు పాట వ్రాసుకోవాలి. సవరభాషలో గొంతులోనే ఊపిరి ఒక్క క్షణం బిగబట్టి వదిలే ధ్వని ఒకటి ఉన్నది. తెలుగులో దానికి అక్షరం లేదు. అది ఉన్నదో లేదో సరిగా వినకపోతే మాటే మారిపోతుంది. యంత్రం సంగతి అడిగితే, గ్రామఫోను కంపెనీవారు 1902 లోనే కలకత్తా వచ్చి గౌహర్ జాన్ పాటలు ఎక్కించుకుని పోయినారు. కాని ఆ యంత్రాల వ్యాపారం పట్నాలలోనే నడిచింది. పర్లాకిమిడి కొండలమీద ఆ పని జరిగినది పంతులుగారి చెవితోను, ఆయన కలంతోను.

కొండమీద జ్వరం ఉన్నది. మన్యపు జ్వరమని మన పెద్దవాళ్ళు భయపడినది అదే, మలేరియా. ఇంగ్లండు పల్లెలో తిరిగినవాడికి వానలో తడిస్తే పడిశం పడుతుంది. మన్యంలో తిరిగినవాడికి చలిజ్వరం పట్టుకుంటే ఏళ్ళతరబడి వదలదు. పంతులుగారికి ఆ జ్వరం పట్టుకున్నది. దానికి ఆ రోజులలో మందు ఒక్కటే, క్వినైను. సింకోనా చెట్టు బెరడునుంచి తీసే చేదుమందు. జ్వరాన్ని అణుస్తుంది, కాని ఎక్కువగా, ఎక్కువకాలం పుచ్చుకున్నవారికి చెవులలో హోరు పుట్టిస్తుంది, వినికిడిని తినివేస్తుంది. పంతులుగారికి అదే జరిగింది. ప్రాణం దక్కింది, చెవులు పోయినాయి. మిగిలిన జీవితమంతా చెవుడుతోనే గడిచింది.

మేము ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు పుస్తకం మూసి కొంతసేపు ఊరికే కూర్చున్నాము. కంసాలికి కన్ను పోయినట్టు, నేతగాడికి చెయ్యి పడిపోయినట్టు గదా ఇది. గొంతులో ఊపిరి ఆగిందా లేదా అని వినవలసినవాడికి చెవి లేదు. వేరొకరైతే ఇంతటితో చాలునని కాగితాలు కట్టిపెట్టేవారు. పంతులుగారు కట్టిపెట్టలేదు. తాను అంతకుముందు విన్నది ఉన్నది, వ్రాసుకున్నది ఉన్నది, సవరభాష వచ్చిన కుమారుడు సీతాపతిగారు ఉన్నారు. పని సాగింది.

అయితే పాటలు వ్రాసుకున్నందువల్ల సవరలకు ఏమి ఒరిగిందని అడిగేవారు ఉండవచ్చు. పంతులుగారు అది కూడా ఆలోచించారు. సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలని ఆయన పట్టుదల. సొంత డబ్బుతో బడులు పెట్టి, పంతుళ్ళకు జీతాలిచ్చి, తెలుగు అక్షరాలలో సవర వాచకాలు వ్రాసినారు. 1911 మొదలుకొని నాలుగైదేళ్ళలో వాచకాలు, కథలు, పాటలు, తెలుగు–సవర పదాల పట్టీలు చెన్నపట్నంలో ప్రభుత్వంవారు అచ్చు వేయించారు. ఆ పాటల పుస్తకం చిన్నదే. కాని కొండమీద నోటినుంచి నోటికి నడిచిన పాట పుస్తకంగా కూర్చబడి, చదువుకునే సవర పిల్లవాడి చేతికే తిరిగి వచ్చింది. లండనులో టేలరు రికార్డులు కొన్నవారిలో పల్లెవారు ఎందరో మాకు అనుమానమే గాని, పంతులుగారి పుస్తకం మాత్రం పాడినవారి బిడ్డలకోసమే తయారైనది. ప్రభుత్వంవారు పారితోషికం ఇవ్వజూపితే, నాకు వద్దు, ఆ డబ్బుతో సవరలకు వారి భాషలో చదువుచెప్పే మంచి బడి పెట్టించండని ఆయన కోరినట్టు చెబుతారు. 1913 లో ప్రభుత్వం బిరుదు ఇచ్చింది. థర్స్టన్ దొరగారు 1909 లో ప్రకటించిన దక్షిణ హిందూదేశపు కులాల, తెగల గ్రంథంలో సవరల భాగానికి ఆధారం చాలామట్టుకు పంతులుగారు వ్రాసి పంపినదే.

వ్యావహారికోద్యమం సంగతి ఇక్కడ రెండు ముక్కలలో చెప్పి ముందుకు పోతాము. 1906–07 ప్రాంతంలో యేట్సు అనే ఇంగ్లీషు దొర పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చి, మాట్లాడే తెలుగు ఒకటీ పుస్తకాల తెలుగు ఒకటీ ఎందుకున్నాయని అడిగినాడు. అక్కడినుంచి గిడుగు, గురజాడ, పి. టి. శ్రీనివాస అయ్యంగారు ఒక పక్షమైనారు. 1911 లో ఉద్యోగం విరమించినాక పంతులుగారికి అదే పని. 1919 లో తెలుగు అనే పత్రిక నడిపినారు. ఊరూరా సభలలో తాళపత్రాలు, శాసనాలు చూపి పండితులతో వాదించారు. ఎదుటివారి వాదం చెవికి సరిగా వినబడకపోయినా వెనుకంజ వేయలేదు. ఆ చెవుడు సభలలో ఆయనకు కొంత మేలే చేసిందని మా పట్టుచీరల పెద్దాయన అంటారు గాని, దాన్ని పరిహాసంగానే తీసుకోవాలి.

ఒకటి మాత్రం మా ఊహగా చెబుతాము. వాడుకభాష వాదం ఆయనకు యేట్సు దొర ప్రశ్నతో పుట్టినది కాదు. అంతకు పదిపన్నెండేళ్ళ ముందే కొండమీద పుట్టింది. సవర కుర్రవాడికి వాడి ఇంటిమాటలో చదువు చెబితే ఎంత త్వరగా పట్టుకుంటాడో కంటితో చూసినవాడు, కిందికి దిగివచ్చి, తెలుగు పిల్లవాడికి ఎవరూ మాట్లాడని తెలుగులో పాఠం చెబుతుంటే చూస్తూ ఊరుకుంటాడా? అందరూ పంతులుగారు తెలుగు కోసం పోరాడి తీరిక వేళల సవరల పని చేసినారని వ్రాస్తారు. మాకు అది తలకిందులుగా తోస్తుంది.

1931 లో సవరభాషా వ్యాకరణం ఇంగ్లీషులో చెన్నపట్నం ప్రభుత్వంవారు ప్రకటించారు. దేశదేశాల ధ్వనిశాస్త్రజ్ఞులు వాడే లిపి సంకేతాలతో, తెలుగు అక్షరానికి లొంగని ఆ గొంతు ధ్వనులను కూడా అందులో పట్టుకున్నారు. ముండా భాషలలో ఇంత శాస్త్రీయంగా పరిశీలన పొందినవి అప్పటికి బహు స్వల్పం. 1933 లో సప్తతి మహోత్సవం జరిపి పండితులు వ్యాససంపుటి సమర్పించారు. 1934 లో కైజర్–ఇ–హింద్ పతకం వచ్చింది. ఇవన్నీ గౌరవాలు. ఈలోగా ఇంటిమీదికి సరిహద్దు వస్తున్నది.

ఒడిశా ప్రత్యేక రాష్ట్రం కావాలన్నది ఒడియా సోదరుల చిరకాల వాంఛ. అది న్యాయమైనదే. పర్లాకిమిడి రాజా కృష్ణచంద్ర గజపతి దేవుగారు దానికి అండగా నిలిచినారు. తన సంస్థానం ఒడిశాలో చేరాలని పట్టుబట్టినారు. ఈనాడు ఆ ప్రాంతపు జిల్లాకు ఆయన వంశం పేరే గజపతి అని ఉన్నది. 1992 లో మన గంజాంనుంచి విడదీసి ఏర్పరచినారు. ఆ రాజవంశంవారి బడిలోనే పంతులుగారు ముప్పై ఏళ్ళు ఉప్పు తిన్నారు. అయినా తెలుగువారు ఎక్కువగా ఉన్న తాలూకా అటు పోకూడదని తెలుగువారిని కూడగట్టి, పార్లమెంటు సంఘానికి మహజరు పంపించారు. చివరికి సంస్థానాన్ని రెండు ముక్కలు చేసినారు. పర్లాకిమిడి పట్నం, చుట్టుపట్ల ఊళ్ళు, కొండ ప్రాంతం ఒడిశాకు వచ్చాయి. మిగిలిన పల్లపు భాగం చెన్నపట్నం రాజధానిలో ఉండిపోయింది. 1936 ఏప్రిల్ 1 న ఒడిశా రాష్ట్రం ఏర్పడింది. ఆ ఉదయమే పంతులుగారు పర్లాకిమిడి విడిచిపెట్టినారు. 72 ఏళ్ళ ముసలితనంలో, 56 ఏళ్ళు బ్రతికిన ఊరు వదిలి, రాజమహేంద్రవరం చేరినారు.

ఈ ఘట్టం వ్రాసేటప్పుడు మాకు కలం తేలికగా సాగలేదని ఒప్పుకుంటాము. ఆయన వెళ్ళిపోయినారు, మన తాతలు ఉండిపోయినారు. ఆయన పౌరుషం గొప్పదని కొందరంటారు. ఉండిపోయినవారు పౌరుషం లేక ఉండలేదు. మగ్గం ఉన్నచోట, కొట్టు ఉన్నచోట, ఠాకురాణి జాతరలో తమకు పాలు ఉన్నచోట ఉన్నారు. ఇక్కడి ఒడియావారు వారిని పొమ్మనలేదు. కాని మా మనసులో ఉన్నది ఇంకొకటి. ఆ మహజర్లు నడిచిన రోజులలో తెలుగువారు ఎందరు, ఒడియావారు ఎందరు అని లెక్కలు వేసినారు. గీత గీసినప్పుడు అది సవరకొండలనూ కోసింది. గుణుపురం, పర్లాకిమిడి సవరలు ఇటు, సీతంపేట సవరలు అటు. వారి భాషకు ఒక రాష్ట్రమనే మాట ఎవరూ తలపెట్టలేదు. వారి భాష తెలిసిన పల్లపు మనిషి కూడా ఆనాడు తన భాషకోసం మహజరు పట్టుకుని తిరిగినవాడే. తరువాత ఆయన కొండలు చూడని ఊరికి పోయినాడు. ఇందులో ఆయనను తప్పు పట్టడం మా ఉద్దేశం కాదు. ఇట్లా జరిగిందని చెప్పడమే.

విచిత్రమేమంటే, అదే 1936 లో, పంతులుగారు వెళ్ళిన రెండు మూడు నెలలకే, సవరలలోనే మంగేయి గొమాంగో అనే ఆయన తమ భాషకు సొంత లిపి ఒకటి కల్పించినాడు. దానికి సొరాంగ్ సొంపెంగ్ అని పేరు. తెలుగు అక్షరం వద్దు, ఒడియా అక్షరం వద్దు, మా అక్షరం మాకు కావాలని వారు అనుకున్నారన్నమాట. పంతులుగారికి ఈ సంగతి తెలిసి ఉంటే కోపం వచ్చి ఉండదని మా నమ్మకం.

రాజమహేంద్రవరంలో ఆయన చేతులు కట్టుకుని కూర్చోలేదు. సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938 లో వెలువడింది. అందులోని ఒక్కొక్క మాట ఎప్పుడో చెవులు బాగున్న రోజులలో కొండమీద, సంతలో, ఇంటి అరుగుమీద విన్నది. ఆ యేడే ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ బిరుదు ఇచ్చి సత్కరించింది. 1940 జనవరిలో చెన్నపట్నంలో ప్రజామిత్ర కార్యాలయంలో పత్రికలవారిని కలుసుకుని వాడుకభాష గురించి చివరిసారి మాట్లాడినారు. వారం తిరిగేసరికి, జనవరి 22 న, కన్నుమూశారు. కుమారుడు సీతాపతిగారు సవరల ఆచారాల గురించి వ్రాస్తూ ఆ పనిని 1969 లో తాను పోయేవరకు కొనసాగించారు. తరువాత సవరల మతం గురించి 1955 లో పెద్ద గ్రంథం వ్రాసిన వెరియర్ ఎల్విన్ వంటివారికి కూడా తండ్రీకొడుకుల పనే దారి.

2011 జనాభా లెక్కలలో సవరభాష మాట్లాడేవారు నాలుగు లక్షల పైచిలుకు. భాష ఉన్నది. పాటల సంగతి వేరు. చాలా ఊళ్ళలో సవరలు బాప్టిస్టు క్రైస్తవులైనారు. చనిపోయినవారిని పిలిచి మాట్లాడే పాట పాడే గురువులు తగ్గిపోయినారు. పెద్ద ముసలివాళ్ళతో అవి పోతున్నవి.

ఇక్కడ బరంపురంలో చదువుకుంటున్న ఒక సవర కుర్రవాడు అప్పుడప్పుడు మా కొట్టుకు వస్తూ ఉంటాడు. ఆయన ఇల్లు గజపతి జిల్లా కొండలలో. పంతులుగారి పేరు చెప్పి అడిగితే తెలియదన్నాడు. పాటలు తెలుసునా అంటే తనకు చర్చి పాటలే తెలుసునని, నాయనమ్మకు పాతవి వచ్చునని ఒడియాలో చెప్పినాడు. ఈ సంక్రాంతికి ఇంటికి పోయి ఆమె చేత ఒకటి పాడించి ఫోనులో ఎక్కించుకుని వచ్చి, మా కొట్టులో గల్లాపెట్టె మీద పెట్టి వినిపించినాడు. మాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. కాని ఒక చరణం పోయి రెండవది రాగానే, అదే సంగతి మళ్ళీ వస్తున్నదని రాగం వల్ల తెలిసింది. వాడికి కూడా సగం మాటలు తెలియవట. పంతులుగారి నిఘంటువులో ఉంటాయేమో చూడాలని అడిగినాడు.

ఆ నిఘంటువు గాని, సవర పాటల పుస్తకం గాని, ఆనాటి వాచకాలు గాని మన సంఘ సభ్యులలో ఎవరి ఇంట్లోనైనా, పాత పెట్టెలలోనైనా ఉన్నట్టయితే, దయచేసి బడా బజారులో మా కొట్టుకు ఒక్కసారి కబురు చేయండి. నకలు తీసుకుని పుస్తకం భద్రంగా తిరిగి ఇస్తాము.